ఇచ్చినవాళ్ళ ఎత్తు

అక్క తమ్ముడికంటే పొట్టిగా ఉందని వకుళకు తట్టడానికి పావుగంట పట్టింది. అంతసేపూ ఆమె కళ్ళు ఈరేష్ కుడికాలి మీదే ఉన్నాయి. ఉండవూ మరి! మూడేళ్ళ కిందట ఆ కాలు మోకాలి కింద వేలెడు మేర పుచ్చిపోయి, రెండు చిల్లుల్లోంచి చీము కారుతూ ఉండేది. వాడు బడికి వస్తే పక్క పిల్లలు ముక్కు మూసుకుని అవతలికి జరిగేవాళ్ళు. ఇప్పుడు అదే కాలి మీద నిలబడి, రెండోది గాల్లోకి ఎత్తి, ఆసుపత్రి వరండా ఈ చివర నుంచి ఆ చివరకు గెంతుతున్నాడు.

"చాల్లేరా, ఇంక గెంతింది చాలు," అని నవ్వి వకుళ వాడి ఎత్తు కొలిచింది. నూట ముప్పై ఐదు సెంటీమీటర్లు. గోడవారగా నిలబడి ఉన్న అక్కను చూసి, "ఏమే నాగవేణీ, తమ్ముడు నిన్ను దాటేశాడే!" అంది.

వేళాకోళంగానే అంది. అన్న తర్వాత ఆ మాట ఆమెకే గుచ్చుకుంది. నాగవేణికి పన్నెండేళ్ళు, వాడికి పది. పిల్ల తల వాడి చెవి దగ్గర ఆగిపోయింది.

తల్లి హుసేనమ్మ చటుక్కున అందుకుంది. "మా ఇంట్ల ఆడోళ్ళందరూ పొట్టే మేడమ్. నా పోలిక."

హుసేనమ్మ జిన్నింగు మిల్లులో పత్తి ఏరే మనిషి. ఆసుపత్రి గుమ్మం దాటేటప్పుడు తల వంచుకోకపోతే నుదురు తగిలేంత పొడుగు. అబద్ధం ఆడటం చేతకాని మనిషి అబద్ధం ఆడితే ఎలా ఉంటుందో వకుళకు అప్పుడు కనిపించింది. "ఇలా రా తల్లీ, నీకూ ఒక ఎక్స్‌రే తీద్దాం," అని నాగవేణి చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల చెయ్యి పట్టుకోవడం మూడేళ్ళలో అదే మొదటిసారి.

ఆదోని ఊరి బయట ఉన్న ఆ పిల్లల ఎముకల ఆసుపత్రికి అంత పేరు రావడానికి కారణం మొలకెముక. దాన్ని కనిపెట్టింది వకుళ. ఆమె డాక్టరు కాదు, అక్కడి ల్యాబులో శాస్త్రవేత్త. ఎముకలో చీము పట్టిన పిల్లలకు చచ్చిన ముక్కను తీసెయ్యడం పాత విద్యే. తీసేశాక మిగిలే ఖాళీతోనే తంటా అంతా. పాత పద్ధతిలో అయితే కాలి చుట్టూ ఇనుప రింగులు బిగించి, రోజుకో మిల్లీమీటరు చొప్పున ఎముకను సాగదీసి, అది గట్టిపడేదాకా రెండేళ్ళు ఉంచాలి. అప్పటికీ చీము తిరగబెట్టదన్న హామీ లేదు. వకుళ ఆ ఖాళీలో బతికున్న ఎముకను మొలిపించింది.

పెరిగే పిల్లల ఎముకల చివర మెత్తని పొర ఒకటి ఉంటుంది. ఎత్తు పెరగడమంతా ఆ పొర చేసే పనే. జబ్బు పిల్లాడి పొర చీములో నాని సత్తువ పోగొట్టుకుని ఉంటుంది కాబట్టి, తోబుట్టువు మోకాలి దగ్గర నుంచి ఆవగింజంత గీకి తెచ్చేవాళ్ళు. గీకేముందు మూడు రోజులపాటు ఆ తోబుట్టువుకు వకుళ స్వయంగా కలిపిన మందు ఎక్కించేవాళ్ళు. మేలుకొలుపు మందు అని వార్డులో దానికి ముద్దుపేరు. ఆ మందుతో చురుకెక్కిన పొరను అచ్చులో వేసి గాజు పెట్టెలో ఉంచితే, ఇరవై ఒక్క రోజుల్లో వేలెడు ఎముక మొలిచేది. మొదటి మొలకను చూసిన రోజున వకుళ ల్యాబు తలుపు గడియ వేసుకుని ఏడ్చింది. అంత సంతోషం ఆమెకు పెళ్ళినాడూ కలగలేదు.

నలభై ముగ్గురు పిల్లలు లేచి నడిచారు. నలభై మూడు కేసు షీట్లలో వాళ్ళ ఎత్తు, బరువు, ఎక్స్‌రేలు ఏటేటా నిండుతూ వచ్చాయి. ఇచ్చిన పిల్లలకు కేసు షీట్లు లేవు. జబ్బు లేనివాళ్ళకు షీటెందుకు? రెండు కుట్లు, ఒక రోజు పడక, వెళ్ళేటప్పుడు ఒక బిస్కెట్ ప్యాకెట్. "షీటు తెరిస్తే ఇంట్లోవాళ్ళు బెదిరిపోతారు. వద్దు," అని ఆ నియమం పెట్టింది కూడా వకుళే.

ఎక్స్‌రే వచ్చింది. దీపం ముందు పెట్టి చూస్తే, నాగవేణి మోకాలి దగ్గర ఉండాల్సిన సన్నని నల్లగీత లేదు. చీలమండ దగ్గరా లేదు, మణికట్టు దగ్గరా లేదు. ఎముకలు పాతికేళ్ళ ఆడమనిషివి. ఆ మందు ఒక్క మోకాలిని లేపి ఊరుకోలేదు. ఒంట్లోని పొరలన్నిటినీ ఒక్కసారిగా లేపి, పదేళ్ళు చెయ్యాల్సిన పనిని పది వారాల్లో చేయించి, అరగదీసి పారేసింది. ఇచ్చిన పిల్లలు రెండు నెలల్లో అంగుళం పెరిగారని అప్పట్లో అందరూ మురిసిపోయారు కూడా.

సర్జన్ శేషఫణి గారు ఆ ఎక్స్‌రేను చాలాసేపు చూశారు. చెడ్డమనిషి కాదాయన. ఊళ్ళోని పెద్ద ఆసుపత్రులు పిలిచినా పోకుండా పదిహేనేళ్ళుగా ఇక్కడే, ఈ పిల్లల మధ్యే ఉన్నారు.

"థైరాయిడ్ చూడండి వకుళగారూ. ఒక్క పిల్లను చూసి ఏం చెప్తాం?"

"మిగతావాళ్ళను మనం చూడలేదు కదా సార్, అందుకే ఒక్క పిల్ల."

"చూద్దాం. ఆరు నెలలు అందరినీ పిలిపించి కొలుద్దాం. అంతదాకా ఈ మాట బయటకు పొక్కకూడదు." ఆయన గొంతు తగ్గించారు. "వార్డులో మద్దిలేటి ఉన్నాడు. తొడ ఎముక సగం పుచ్చింది. ఎల్లుండి పొద్దున పది గంటలకు వాడి చెల్లెలికి మొదటి ఇంజక్షన్. ఇప్పుడు ఆపితే ఆ పిల్లాడికి ఏం చెప్తారు మీరు?"

సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ క్షణాన ఆమెకు ఆయన మాట హాయిగానే అనిపించింది. ఆరు నెలలు! ఆరు నెలలపాటు ఇంకా ఏమీ రుజువు కాని మనిషిగా బతకవచ్చు.

ఆ హాయి ఇల్లు చేరేదాకా కూడా నిలవలేదు. ఆటోలో కూర్చున్నాక గొర్రెల కాపరి నరసన్న గుర్తొచ్చాడు. పిల్లల జోలికి పోకముందు గొర్రెపిల్లల మీదే కదా ఆమె ఈ మందును పరీక్షించింది! ఇచ్చిన గొర్రెపిల్లలు ఇట్టే పెరిగాయి. పెరగగానే వాటిని సంతలో అమ్మేసేవాళ్ళు. ఒక్క పొట్టేలును మాత్రం నరసన్న ముచ్చటపడి ఉంచుకున్నాడు. నాలుగు నెలలయ్యాక వచ్చి, "మేడమ్, మీరిచ్చిన పొట్టేలు గిడసబారిపాయ. మేస్తాది, పెరగదు," అన్నాడు.

"కడుపులో పురుగులై ఉంటాయి, నట్టల మందు తాగించు," అంది వకుళ.

ఆమె రాసిన వ్యాసం పత్రికకు వెళ్ళి అప్పటికి వారమైంది. నరసన్న మాటను ఆమె ఎక్కడా రాసుకోలేదు. మరచిపోయింది అనుకుంటే తప్పు చిన్నదయ్యేది. ఆమె మరచిపోలేదు, మనసులో ఒక మూలకు నెట్టి పైన గోనె కప్పింది. అప్పుడే ఒక్కపూట కూర్చుని ఆ పొట్టేలును కొలిచి ఉంటే నాగవేణి ఈపాటికి తల్లి భుజం దాటేది.

మంగళవారం పొద్దున ల్యాబు ఫోను నుంచి, ఇచ్చిన పిల్లలున్న ఆరు ఇళ్ళకు ఫోన్ చేసింది. "ఊరికే పలకరిద్దామని చేశాను, ఎముక ఇచ్చిన బిడ్డ ఎలా ఉంది? ఈ ఏడు చెప్పులు ఏ సైజు కొన్నారు?" అని అడిగింది. నాలుగిళ్ళలో ఒకటే జవాబు వచ్చింది. నిరుటివే సరిపోతున్నాయట. ఒక తండ్రి ఆ మాటను గొప్పగా, నవ్వుతూ చెప్పాడు. ఆ ఆరిళ్ళలో ఇచ్చినవాళ్ళు ఐదుగురు ఆడపిల్లలే. వకుళ పాత జాబితా తీసి చూసింది. ఇచ్చిన నలభై ముగ్గురిలో ముప్పై ఆరుగురు ఆడపిల్లలు. ఇంకో అన్నో తమ్ముడో ఉన్న ఇళ్ళ నుంచి కూడా ఆడపిల్లనే తెచ్చారు. ఆసుపత్రి 'తోబుట్టువు' అని మాత్రమే అడిగింది. ఎవరిని తేవాలో ఇళ్ళలో ఎవరూ ఒకరికొకరు చెప్పుకోవాల్సిన పని కూడా పడలేదు.

ఆ మధ్యాహ్నం మిల్లు వెనక కాలనీలో హుసేనమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఒకటే గది. హుసేనమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతోంది. వకుళను చూడగానే చేతులు ఆగిపోయాయి. పెనం మీది రొట్టె మాడి వాసన వచ్చింది.

"ఎముక యాడన్నా చెడిపాయనా మేడమ్?" అంది చివరికి.

"వాడి ఎముక బాగుంది హుసేనమ్మా. నేను నాగవేణి కోసం వచ్చాను."

హుసేనమ్మ పెనం దించింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని, చాప పరిచి, వకుళ కూర్చున్నాక ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది.

"నాకు ఏడాదిన్నర కిందనే తెలుసు. బడి గౌను కుట్టించేటప్పుడు పెరిగే పిల్ల గదా అని కింద నాలుగు వేళ్ళ మడత పెట్టిస్తిని. ఆ మడత ఇప్పే పనే పడలే. పైసా ఖర్చు లేకపాయ అని మొదట్ల నవ్వుకుంటి. రెండో ఏడు నవ్వు రాలే."

"మరి నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు ఈరేష్ ఎముకను మళ్ల తీసేస్తారేమో అని. ఇదేమో పెరగడం ఆగె, వాడేమో నడవబట్టె. ఇచ్చింది వాపసు తీసుకుంటారేమో, ఇద్దరూ పాడైపోతారేమో అనుకుంటి. చదువు లేనిదాన్ని మేడమ్, నాకేం తెలుసు? వాడు ఎగురుతాంటే సూస్తా, దీన్ని సూస్తా. నోరు మూసుకుంటి. రోజూ అన్నం ముందర కూచుంటే అది మొకం ఎత్తి నన్ను సూస్తాది. నాకు ముద్ద దిగదు."

వకుళ చేసిన పాపాన్ని ఏడాదిన్నరగా ఈమె మోస్తోంది. తనేమో సభల్లో శాలువాలు కప్పించుకుంటూ హాయిగా నిద్రపోయింది. "నీ తప్పేమీ లేదు హుసేనమ్మా. మందు నాది. గొర్రెల్లో ఒకటి గిడసబారిందని కాపరి నాకు ముందే చెప్పాడు. నేను వినిపించుకోలేదు," అంది. ఆ మాట నోటితో అనడం అదే మొదలు.

హుసేనమ్మ తిడుతుందనుకుంది. తిట్టలేదు. "ముందే చెప్పినాడా?" అని ఒక్కసారి అడిగి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుంది.

నాగవేణి బడి నుంచి వచ్చింది. ఏడో తరగతి. పుస్తకాల సంచి ఆమె పిక్కల దాకా వేలాడుతోంది. తల్లి ఏడుస్తుండటం, ఆసుపత్రి మేడమ్ చాప మీద కూర్చుని ఉండటం చూసి గుమ్మంలోనే ఆగింది. వకుళ దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకుంది. తేలిక చేసి చెప్పాలని దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఆ పిల్ల మొహం చూశాక అవేవీ నోటికి రాలేదు.

"నువ్వింక పెరగవు నాగవేణీ. తమ్ముడికి ఎముక ఇవ్వడానికి ముందు నీకు మూడు ఇంజక్షన్లు చేశాం కదా, వాటివల్ల. ఆ మందు నేనే చేశాను."

నాగవేణి సంచి దించలేదు. "ఇంగ ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

"బళ్ళో నన్ను మూడో తరగతి వరసలో నిలబెడతారు ప్రేయర్‌కు. వచ్చే ఏడు పెరుగుతా అని చెప్తా వస్తాండా." అప్పుడు సంచి దించి, "ఈరేష్‌కు చెప్పొద్దండి. వాడు ఏడుస్తాడు," అంది.

వకుళ కళ్ళు నిండాయి. ఆ పిల్ల ముందు తనకు కాస్త ఊరట దొరుకుతుందేమోనన్న ఆశ కొద్దీ, "ఇలా అవుతుందని తెలిసి ఉంటే నిన్ను అడిగి ఉండేదాన్ని కాదమ్మా," అంది.

నాగవేణి ఆమెను వింతగా చూసింది. "మీరు అప్పుడు గూడా నన్ను అడగలే మేడమ్. అమ్మను అడిగినారు. నాకు ఐస్‌క్రీమ్ ఇప్పిస్తామన్నారు."

కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. ఇంటికి ఎలా చేరిందో వకుళకు గుర్తు లేదు.

బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆమె మద్దిలేటి మంచం దగ్గరకు వెళ్ళింది. వాడికి తొమ్మిదేళ్ళు. తొడకు కట్టిన కట్టు అప్పుడే మార్చారు, అప్పుడే తడిసింది. మందు వాసన, దాని కింద చీము వాసన. మంచం చివర వాడి చెల్లెలు జయంతి కాళ్ళు ఊపుతూ కూర్చుని ఉంది. ఆరేళ్ళది, ముందు పళ్ళు రెండు ఊడాయి. తండ్రి తిమ్మప్ప లేచి నమస్కారం పెట్టాడు. వేరుశనగ రైతు, కొడుకు కాలి కోసం ఐదేళ్ళుగా ఆసుపత్రులు తిరుగుతున్న మనిషి.

వకుళ ఆయనకు అంతా చెప్పింది. గొర్రెను దాచలేదు, నాగవేణిని దాచలేదు, తప్పు ఎవరిదో దాచలేదు. జయంతికి ఆ ఇంజక్షన్ ఇస్తే ఇవాళ ఉన్న ఎత్తు మీద మహా అయితే అంగుళం పెరిగి ఆగిపోతుందని, పెద్దదైనా పెళ్ళయినా అంతే ఉంటుందని విడమరచి చెప్పింది. చెబుతుంటే గుండె తేలికపడింది. నిజం చెప్పేస్తే చాలు, ఆ తండ్రే వద్దంటాడు, తనింక తేల్చాల్సింది ఏమీ ఉండదు అనుకుంది.

తిమ్మప్ప అంతా విన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కొడుకు తొడ వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు.

"ఆడపిల్లే గదా మేడమ్. పొట్టిగుంటే ఏమైతాది? ఇంట్లోనే ఉండేది. వీడు నిలబడితే రేపు దాన్ని గూడా వీడే సూసుకుంటాడు. కానీయండి."

రాక్షసుడేమీ కాదు. ఆ మాట అంటుంటే ఆయన చెయ్యి కూతురి తల నిమురుతూనే ఉంది. వకుళకు అప్పుడు అర్థమైంది. నిజం చెప్పడంతో తన పని అయిపోలేదు. ఆ ముప్పై ఆరుగురి తండ్రులకు అన్నీ చెప్పి అడిగినా ఎంతమంది ఇదే మాట అనేవాళ్ళో!

ఆమె జయంతి ముందు గొంతుకూర్చుంది. "జయంతీ, నేను నాన్నకు చెప్పింది విన్నావా? ఆ సూది వేస్తే నువ్వు పెద్దగా పెరగవు. ఎప్పుడూ ఇంతే ఉంటావు. నీకు ఇష్టమేనా?"

జయంతి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇస్తా," అంది ఉత్సాహంగా. "అన్నకు ఇస్తా. నొప్పైతే ఏడ్వను."

తిమ్మప్ప మొహం వెలిగింది. "సూసినారా మేడమ్, అదే ఇస్తానంటాంది."

నిన్న సాయంత్రం నుంచీ వకుళ పిల్లనే అడగాలి, పిల్లనే అడగాలి అని జపం చేస్తూ ఉంది. అడిగింది. ఆరేళ్ళ పిల్ల అన్న కోసం సరే అంది. ఆ సరే పట్టుకుని సూది గుచ్చితే మూడేళ్ళ కిందటి ఐస్‌క్రీమ్‌కూ దీనికీ తేడా ఏముంది? ఇది తండ్రి నెత్తిన పెట్టే పని కాదు, పిల్ల నెత్తిన పెట్టే పని అసలే కాదు.

"ఆ మందు ఇంక ఎవరికీ ఇవ్వను తిమ్మప్పా," అంది లేచి.

అంతే, తిమ్మప్ప ఆమె కాళ్ళ మీద పడబోయాడు. తర్వాత అరిచాడు. ఐదేళ్ళు తిప్పి తిప్పి గుమ్మం దాకా తెచ్చి తలుపేస్తారా అన్నాడు. మీ బిడ్డయితే ఇట్లనే చేస్తారా అన్నాడు. వార్డులో తల్లులంతా లేచి నిలబడ్డారు. అరుపులు విని శేషఫణి గారు వచ్చారు. వకుళ ఆయన ముందే వార్డు ఫ్రిజ్ తెరిచి మందు సీసాలన్నీ తీసి తొట్టిలో వంపేసింది. ఆయన ఆపగలిగేవారే, ఆపలేదు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, "రింగులు తెప్పించమంటాను," అని మాత్రం అన్నారు. తిమ్మప్ప జయంతిని చంకనేసుకుని బయటికి వెళ్ళిపోయి వరండా మెట్ల మీద కూర్చున్నాడు.

మద్దిలేటి అంతా వింటూనే ఉన్నాడు. వకుళ వాడి పక్కన స్టూలు మీద కూర్చుంది.

"రింగులు ఎన్నాళ్ళు మేడమ్?"

"రెండేళ్ళు పట్టొచ్చు."

"అప్పుడన్నా చీము ఆగుతాదా?"

ఆగుతుందని అనబోయింది. "ఆగొచ్చు. చెప్పలేను నాన్నా."

వాడు పైకప్పు వైపు చూశాడు. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. "చెల్లెలు ఇస్తానంటే గూడా మీరే వద్దంటిరి."

"నేనే వద్దన్నాను. ఇంతకుముందు నలభై ముగ్గురు పిల్లల దగ్గర తీసుకున్నాను. వాళ్ళెవరూ ఇంక పెరగరు."

మద్దిలేటి తల తిప్పి ఆమెను మొదటిసారి సూటిగా చూశాడు. కాసేపు లెక్కలోకి రానంత పెద్ద సంఖ్యను పట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నవాడిలా పెదవులు కదిపాడు.

"వాళ్ళకు తెలుసా?"

"ఒక్క పాపకే చెప్పాను."

"మిగతావాళ్ళు?"

"పెరుగుతాం అనుకుంటూ ఉండి ఉంటారు."

వాడు మోచెయ్యి మీద లేవబోయి, నొప్పికి పళ్ళు బిగించి, మళ్ళీ పడుకున్నాడు. గోడవైపు తిరిగిపోయాడు. అటు తిరిగే, ఏడుపు గొంతుతో, కోపంగా అన్నాడు.

"అయితే ఈడ కూచుని ఏం జేస్తాండారు మేడమ్? పోయి చెప్పండి వాళ్ళకు."

వకుళ లేచింది.